ఏటవాలున ఆగని బండి

మా పలాస షాపులో ఈమధ్య ఇద్దరు ఆడపిల్లలు పనిలో చేరారు. నేను మానేశాక చేరినవాళ్ళు. "పెద్దమ్మా, ఈ పనిలో ఏది ముఖ్యమో మాకు చెప్పు" అని అడిగారు. నేను చదివింది అయిదో తరగతి. పద్ధతిగా ఒకటి తర్వాత ఒకటి చెప్పడం నాకు చేతకాదు. కాని చూసిన బండిని మర్చిపోను. ఎవరి బండి, ఏ ఊరు, ఆ ఇంటి గుమ్మం ఎంత ఎత్తు, నాకు టీ ఎవరు ఇచ్చారు, అన్నీ గుర్తుంటాయి. అందుకని ఒక్క బండి సంగతి పట్టుకుని, నాకు తెలిసిందంతా దాని చుట్టూనే చెబుతాను. అది అక్కుపల్లి వైపు సముద్రం ఒడ్డు పల్లెలో ఉండే పోలమ్మ బండి.

ముందు ఏ బండో చెప్పాలి. కుర్రాళ్ళు రోడ్డు మీద నడిపే కరెంటు స్కూటర్ కాదు. నడవలేనివాళ్ళు కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని, మెల్లగా వెళ్ళే నాలుగు చక్రాల బండి. సీటు పక్కకి తిరుగుతుంది. హ్యాండిల్ దగ్గర బొటనవేలితో నొక్కే చిన్న మీట ఉంటుంది. నొక్కితే కదులుతుంది, వేలు తీస్తే తనంతట తనే ఆగిపోతుంది. వేరే బ్రేకు ఉండదు. వేలు తీస్తే ఆగుతుందన్న నమ్మకం మీదే ఆ మనిషి ప్రాణం ఉంటుంది. మిగతా మాటలు మర్చిపోయినా ఈ ఒక్కటీ మర్చిపోకండి.

నన్ను ఎందుకు పిలిచారు

మా ఆయనకి కాశీబుగ్గలో సైకిల్ షాపు ఉండేది. చేత్తో తిప్పే మూడు చక్రాల బండ్లు కూడా అక్కడికే బాగుకి వచ్చేవి. నేను మొదట జీడి బట్టీలో పిక్కలు కొట్టేదాన్ని. ఆ పొగ పడక షాపులో ఆయన పక్కన కూర్చోవడం మొదలుపెట్టాను. తర్వాత బ్యాటరీ బండ్లు అమ్మే కామేశం గారు నన్ను పిలిచారు. నా పనితనం చూసి పిలవలేదు. బండెక్కే ఆడవాళ్ళని సీటు మీదకి ఎవరు ఎక్కిస్తారు, నడుముకి బెల్టు ఎవరు సరిచేస్తారు అన్నది ఆయన ఇబ్బంది. మగ మెకానిక్ వస్తే ఆడవాళ్ళు సిగ్గుపడి అన్నిటికీ "బాగుంది బాగుంది" అనేసేవారు. బాగుండేది కాదు. చెయ్యి ఆనే కమ్మీ ఎత్తుగా ఉండి భుజం నొప్పి పుట్టేది, బండి మూల పడేది. నేను వెళితే వంటింట్లోకి రానిచ్చేవాళ్ళు. అసలు సంగతి అక్కడ చెప్పేవాళ్ళు.

పోలమ్మకి కావలసింది

పోలమ్మ చేపలమ్మి. తెల్లవారి పడవలు ఒడ్డుకి రాగానే ఇసుక దిబ్బ మీదున్న సిమెంటు అరుగు దగ్గర చేపలకి వేలంపాట పెడతారు. ఆ పాటలో పాడుకుని, గంప ఎత్తుకుని, పలాస వచ్చి అమ్ముకునేది. షుగరు పుండు ముదిరి ఒక కాలు మోకాలి కిందకి తీసేశారు. అప్పటినుంచీ అన్న నూకరాజు ఆమెని వీపు మీద మోశాడు. ఆసుపత్రికి, పెళ్ళికి, చావుకి, ఎక్కడికైనా. ఒక్క పాటకి మాత్రం మొయ్యలేకపోయాడు. పాట జరిగే వేళకి అతను పడవ దగ్గర వలల పనిలో ఉంటాడు కదా.

దాతలెవరో బండి ఇప్పించారు. అప్పగించడానికి నేను వెళ్ళిన రోజు ఆమె నన్ను అక్క వరస కలిపి అడిగింది ఒకటే. "అప్పా, ఇది నన్ను దిబ్బెక్కిత్తాదా?"

"చూసి చెబుతాను" అన్నాను.

ఇక్కడ మీరు నేర్చుకోవలసింది ఉంది. బండి విప్పకముందు తోవ చూడండి. కామేశం గారు షాపులో నున్నటి గచ్చు మీద నడిపించి చూపేవారు, అందరూ సంతోషించేవారు. ఉద్దానం ఊళ్ళలో గచ్చెక్కడుంది? ఇసుక, కొబ్బరి వేళ్ళు, గుమ్మాలు. నేను ముందు టీ తాగుతాను, తర్వాత ఆ మనిషి రోజూ ఎక్కడికి వెళ్ళాలో అక్కడిదాకా నడిచి వస్తాను. పోలమ్మ ఇంటినుంచి దిబ్బ మీదకి ఐసు బండ్ల కోసం పోసిన సిమెంటు తోవ ఉంది. ఏటవాలు ఉంది గాని, ఈ బండికి ఓర్చుకునేంతే. అవతల సముద్రం వైపు అంతా మెత్తటి ఇసుక. "అరుగు దాకా వెళ్ళు, ఇసుకలోకి దిగకు. దిగితే చక్రాలు కూరుకుపోతాయి, మోటారు వేడెక్కి ఆగిపోతుంది" అని చెప్పాను.

"నాను ఇసకలోకెందుకు దిగుతాను? సేపలే నా కాడికొత్తాయి" అంది.

వాళ్ళ వదిన పొయ్యి దగ్గర్నుంచి అందుకుంది. "ఒత్తాయి ఒత్తాయి. బండి మీద రాణీగారొచ్చినారని ఈదుకుంటా ఒత్తాయి."

ఆ రోజంతా నేర్పాను. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తాళంచెవి తీసెయ్యాలి. లేకపోతే మోచెయ్యి మీటకి తగిలి, మనిషి సగం సీటు మీదుండగా బండి కదులుతుంది. స్పీడు తిప్పే బిళ్ళ మీద తాబేలు బొమ్మా కుందేలు బొమ్మా ఉంటాయి. ఇంట్లోనూ, దిబ్బ దిగేటప్పుడూ తాబేలు వైపే ఉండాలి. ఏటవాలు మీద తిన్నగా ఎక్కాలి, తిన్నగా దిగాలి, అడ్డంగా తిరిగితే బోర్లా పడుతుంది. ఎక్కేటప్పుడు ఒళ్ళు ముందుకి వంచాలి. గంప హ్యాండిల్‌కి తగిలించకూడదు, కాళ్ళ దగ్గర పెట్టుకోవాలి. చీర కొంగు బొడ్డులో దోపాలి. వెనక చక్రం కొంగుని లాక్కుంటే మనిషినీ లాగుతుంది. ఈ కొంగు మాట ఆడవాళ్ళకి ప్రతిసారీ చెప్పండి. విన్నాం అన్నా మళ్ళీ చెప్పండి.

వెనక ఎర్ర మీట ఒకటుంటుంది. అది లాగితే మోటారూ బ్రేకూ వదిలేస్తాయి, ఖాళీ బండిని తోసుకెళ్ళచ్చు. మన ఊళ్ళలో బండి కనిపిస్తే వెనకనుంచి తోసి సాయం చెయ్యాలని అందరికీ చెయ్యి దురద. మనిషి కూర్చుని ఉండగా ఆ మీట ముట్టుకోకూడదని వీధిలో వాళ్ళందరినీ పిలిచి చెప్పాను.

బ్యాటరీ సంగతి

కథకి కొంచెం అడ్డం వస్తుంది గాని ఇది చెప్పకుండా ముందుకి పోలేను. నేను చూసిన బండ్లలో ఎక్కువ వాడి పాడైనవి కావు, వాడక పాడైనవి. బండి తిరిగిన రోజల్లా చార్జింగు పెట్టాలి. వానాకాలంలో బయటికి తీయకపోయినా వారానికి ఒకసారి పెట్టాలి. ఖాళీ బ్యాటరీ అలా పడుంటే లోపల చచ్చిపోతుంది. బండితో వచ్చిన చార్జరే వాడాలి. పొయ్యికి దూరంగా, గాలాడే చోట పెట్టాలి, పైన గుడ్డ కప్పకూడదు.

ఒకసారి తుఫాను వచ్చి ఉద్దానంలో కొబ్బరిచెట్లు పడిపోయి రోజుల తరబడి కరెంటు లేనప్పుడు, కవిటి వైపు ఒక ముసలాయన తన బండి బ్యాటరీకి తీగలు తగిలించి ఊరందరి ఫోన్లకీ చార్జింగు ఇచ్చాడు. ఊరంతా తమవాళ్ళతో మాట్లాడుకుంది, బ్యాటరీ పోయింది. "ఎందుకిచ్చావు మావా" అంటే, "ఇయ్యకపోతే నాను మనిసినేటి?" అన్నాడు. కొత్త బ్యాటరీ వేయించి వచ్చాను.

పడిన రోజు

పోలమ్మ ఆ బండి మీద పాటకి వెళ్ళడం మొదలుపెట్టింది. పలాసకి ఆటోలో సరుకు పంపేది. నేను ఆ వైపు వెళితే గొంతు దిబ్బ కిందకే వినిపించేది, అంత గట్టిగా పాడేది. తర్వాత ఒకరోజు నూకరాజు ఫోను చేశాడు.

"అప్పా, వచ్చి ఈ బండి అట్టుకెల్లిపో. మాకొద్దు."

"ఏటయినాది నూకరాజు?"

"ఏటవ్వాలి ఇంక? దిబ్బెక్కుతా మద్దెలో ఆగితే, ఎనక్కి జారిపోయి మొగలి డొంకలో పడిపోనాది. ఒంటినిండా ముళ్ళు. ఉన్న కాలు కూడా పోతే ఏటి సేత్తాం?"

నేను వెళ్ళేసరికి బండిని చూరు కింద పెట్టి పడవ తాడుతో స్తంభానికి కట్టేశాడు. తాళంచెవి అతని మొలతాడుకి ఉంది. పోలమ్మ మంచం మీద కూర్చుని జీడిపిక్కలు వలుస్తోంది. చేతులనిండా గీరలు.

"ఏలు తీసీసినాను అప్పా. గంగమ్మ మీద ఒట్టు. ఏలు తీసినా ఆగనేదు" అంది.

"కంగారులో నొక్కీసుంటావు. అది నీ తప్పు కాదు, నీకు సేతకాదంతే" అన్నాడు నూకరాజు. కోపంగా అనలేదు. ప్రేమగానే అన్నాడు. ఆ మాటకి ఆమె చేతిలో పిక్క ఆగిపోయింది.

నాకు అర్థమైంది. బండి తీసుకెళ్ళిపోతే ఈవిడ ఈ మంచం మీదే ఉంటుంది. అదొక్కటే కాదు, నడపడం చేతకానిదన్న పేరు కూడా మిగులుతుంది. పాట దగ్గర ఆ పేరుతో ఎవరూ నిలబడలేరు.

ఏటవాలు మీదే చూడాలి

మొదట నాకు ఎర్ర మీట మీద అనుమానం. ఎవరన్నా లాగి వదిలేశారేమోనని చూశాను, సరిగ్గానే ఉంది. ఇంటి ముందు నడిపాను. వేలు తీస్తే ఆగింది. చాలామంది మెకానిక్కులు ఇక్కడే సంచి సర్దేస్తారు. మీరు సర్దకండి. మనిషి ఎక్కడ పడిందో బండిని అక్కడికి తీసుకెళ్ళి చూడాలి.

దిబ్బ తోవ మొదట్లో, కొంచెమే వాలు ఉన్నచోట, నేనే కూర్చుని ఎక్కి వేలు తీశాను. బండి ఆగింది. ఆగి, ఒక ఊపిరి తీసుకున్నంత సేపుండి, వెనక్కి పాకడం మొదలెట్టింది. నేను మళ్ళీ మీట నొక్కి పైకి లాగించి, మలుపు దగ్గర చదును చూసి దిగాను. దిగి కిందకి వంగితే వాసన తగిలింది. జీడినూనె. బట్టీలో పనిచేసిన ముక్కుని ఆ వాసన ఎప్పటికీ మోసం చెయ్యదు.

మీలో ఈ వైపు వాళ్ళు కానివాళ్ళకి చెబుతున్నాను. జీడితొక్కలోంచి తీసే నల్లటి నూనె అది. చర్మానికి తగిలితే పొక్కుతుంది. ఒడ్డున ఉండేవాళ్ళు పడవకి, ఇంటి దూలాలకి, మంచం కోళ్ళకి పూస్తారు. చెద పట్టదు, ఉప్పునీరు తినదు. ఆరాక లక్కలా అతుక్కుంటుంది.

నూకరాజు వలల దగ్గరికి వెళ్ళాక పోలమ్మ పక్కన కూర్చుని మెల్లగా అడిగాను. "ఏటే ఇది, జీడినూనె కాదేటి?"

"గట్టిగా అనకు" అంది. "అన్న రాసినాడు. ఉప్పుగాలికి తుప్పట్టేత్తాదని, కిందంతా పడవకి రాసినట్టే రాసినాడు."

"తెలిసి చెప్పలేదేటి మరి?"

"ఏటని సెప్పను అప్పా? నన్ను దొడ్డికి కూడా ఈపు మీదే మోసినాడు. అలాటోడితో, నువ్వే నన్ను డొంకలోకి తోసీసినావని అనమంటావా?"

"బండి పోతాది."

"పోతే పోనీ" అంది. దిబ్బ అవతల కేకలు మొదలయ్యాయి, పడవలు ఆలస్యంగా వచ్చినట్టున్నాయి. ఆమె పిక్కలు వలవడం ఆపి చెవి అటు పెట్టింది. "అది సేపలమ్మి నూకాలు గొంతు. సీలమీను పాట అది. ఎక్కువ పెట్టీసింది, ఎర్రిది" అంది. తర్వాత నాతో, "అన్నకి సెప్పనని మాటియ్యి" అంది.

చెప్పనని మాటిచ్చాను.

మూత విప్పేది ఇంటివాళ్ళే

నాకు మొదటినుంచీ ఒక పద్ధతి ఉంది. ఎవరింట్లోనూ మోటారు మూత నేను విప్పను. ఆ ఇంట్లో బండిని చూసుకునే మనిషి చేతికి స్క్రూడ్రైవర్ ఇస్తాను. వాళ్ళు విప్పితే లోపల ఏముందో వాళ్ళకి తెలుస్తుంది, రేపు ఏదన్నా అయితే భయపడకుండా చూస్తారు. పోలమ్మ ఇంట్లో కూడా అదే చేశాను. మాట తప్పడానికి చేశానని మీరు అనుకుంటే అనుకోండి. నేను ఏమీ చెప్పలేదు. నూకరాజు వచ్చాక, చేతులకి కొబ్బరినూనె రాసుకోమని స్క్రూడ్రైవర్ ఇచ్చాను.

"సేతికి నూనెందుకు?" అన్నాడు.

"విప్పు, నీకే తెలుస్తాది" అన్నాను.

మూత వచ్చింది. మోటారు వెనక గుండ్రటి బిళ్ళ ఉంటుంది. సైకిల్ బ్రేకు మనం నొక్కితే పడుతుంది. ఇది దానికి తిరగేసి. కరెంటు అందినంతసేపూ వదిలి ఉంటుంది, కరెంటు ఆగితే పట్టేస్తుంది. ఆ బిళ్ళ పొడిగా, గరుకుగా ఉండాలి. పోలమ్మ బండిలో అది ఆరని నూనెతో నల్లగా తళతళలాడుతోంది. చదును మీద నూనె బిళ్ళ కూడా ఆపుతుంది, ఎవరికీ తెలియదు. వాలు మీద బరువు పడితే జారుతుంది.

నూకరాజు వేలితో ముట్టుకుని వాసన చూశాడు.

"ఇది నోపలికి ఎలగొచ్చినాది?"

"గాలాడటానికి సందులుంటాయి కదా."

"ఆ సందులు సూసే పోసినాను" అన్నాడు. "పడవకయితే సందులోనే గదా మొదట పుచ్చేది."

అతను అన్నది తప్పు కాదు. పడవ మీద బతికినవాడికి సందు కనిపిస్తే నూనె పొయ్యాలనే అనిపిస్తుంది. వెనక్కి తిరిగి చెల్లెలి వైపు చూశాడు.

"నీకు తెలుసా?"

"నాకేటి తెలుసు, నాను ఎక్కి కూకునేదాన్నే. టీ తాగు అన్నా, సల్లారిపోతంది."

అతను టీ తాగలేదు. మొలతాడుకున్న తాళంచెవి విప్పి ఆమె పక్కన మంచం మీద పెట్టి, సముద్రం వైపు వెళ్ళిపోయాడు.

ఉప్పుగాలికి నిజంగా ఏం చెయ్యాలో కూడా చెబుతాను. సాయంత్రం పొడిగుడ్డతో తుడవాలి. నీళ్ళు కొట్టి కడగకూడదు. బ్యాటరీ కొసల్లో పచ్చటి పొడి కనిపిస్తే తాళంచెవి తీసి, బ్రష్‌తో దులిపి, గట్టిగా బిగించి, ఆ తర్వాత పైపైన వాసలీను పల్చగా రాయాలి. మోటారు దగ్గర, టైర్ల మీద ఏ నూనే వద్దు. కొబ్బరినూనె కూడా వద్దు.

మా యజమాని

కామేశం గారికి ఫోను చేశాను. "పెట్రోలుతో కడిగి బిగించెయ్ సరోజమ్మా. ఎండిపోతుంది, ఆవిడా సంతోషిస్తుంది" అన్నారు. ఆయన మంచి మనిషి. ఎవరన్నా ఏడిస్తే చూడలేరు, వెంటనే నవ్వించాలి. ఆ మంచితనమే ఈ పనిలో ప్రమాదం. నూనె తాగిన బిళ్ళని ఎంత కడిగినా లోపలి నూనె వేడికి మళ్ళీ పైకి వస్తుంది. నాలుగు రోజులు బాగా ఆగి, అయిదో రోజు జారుతుంది. "కొత్త బిళ్ళ వైజాగు నుంచి వచ్చేదాకా బండి కదలదు" అన్నాను. ఆయన విసుక్కున్నారు గాని తెప్పించారు. ఆ రోజుల్లో పోలమ్మ దగ్గర్నుంచి రోజూ ఫోను వచ్చేది. వచ్చిందా అని అడిగేది కాదు. ఆ రోజు పాటలో ఏ చేప పడిందో ఇంట్లోంచే విని, అది చెప్పి పెట్టేసేది. తొందర పెట్టే మనిషికన్నా అలాంటి మనిషికి లొంగిపోకుండా ఉండటం కష్టం. లొంగకండి.

మళ్ళీ ఎక్కిన రోజు

కొత్త బిళ్ళ వేశాం. మూత నూకరాజే బిగించాడు. నేను వాలు మీద కూర్చుని ఆపి చూశాను. తర్వాత నూకరాజుని కూర్చోబెట్టి ఆపించాను, అతను పోలమ్మకన్నా బరువు. అంగుళం కూడా కదల్లేదు.

బండి బాగైంది. కాని బండి బాగైతే పని అయిపోయిందనుకోకండి. పోలమ్మ సీటెక్కింది, తాళం తిప్పింది, దిబ్బ మొదట్లో ఆగిపోయింది. పడినవాళ్ళని తొందర పెట్టకూడదు. చదును మీద పదిసార్లు నడిపించాను, ఆపించాను. ఆ తర్వాత, "సగం ఎక్కి వేలు తీసెయ్. నిలబడుతుంది" అన్నాను.

"నిలబడకపోతే?"

చుట్టూ జనం పోగయ్యారు. పాట అయిపోయి గంపలతో దిగుతున్న ఆడవాళ్ళు కూడా ఆగారు. ఏటవాలు మీద బండి ఉన్నప్పుడు దాని కింద వైపు ఎవరూ నిలబడకూడదు. జారితే మొదట నలిగేది వాళ్ళే. మీరు కూడా ఎవరినీ నిలబడనివ్వకండి. అందరినీ పక్కకి జరిపాను. నూకరాజు జరగలేదు. వచ్చి సరిగ్గా బండి వెనకే, తోవ మధ్యలో నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు, బండిని పట్టుకోవడానికి కూడా రాలేదన్నట్టు.

"తప్పుకో నూకరాజు" అన్నాను.

"నాను రాసిన నూనెకే గదా జారినాది" అన్నాడు, ఆ ఆడవాళ్ళందరికీ వినబడేలా. "దానికి నడపడం వచ్చు. ఈపాలి జారితే నా మీదకే రానీ."

పోలమ్మ తల తిప్పి అన్నని చూసింది. "ఎల్లు అన్నా, ఎర్రి ఏసాలెయ్యకు. తప్పుకో."

"నువ్వు ఎక్కు."

ఆమె ఒళ్ళు ముందుకి వంచి మీట నొక్కింది. బండి మెల్లగా ఎక్కింది, అతను అదే దూరంలో వెనకే నడిచాడు. సగం దాటాక ఇద్దరూ ఆగారు.

నేను రెండోసారి అతన్ని తప్పుకోమనాలి. ఈ పనిలో అదే నియమం, మీకూ అదే చెబుతున్నాను. ఆ రోజు మాత్రం అతన్ని అక్కడే ఉండనిచ్చాను.

పోలమ్మ బొటనవేలు పైకెత్తింది. చెయ్యి మొత్తం హ్యాండిల్ మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. బండి అలాగే నిలబడింది.